అదనపు ఇంధన ట్యాంకు (లారీలు)

అదనపు ఇంధన ట్యాంకు అనగా లారీ, ట్రైలరు, జీపు మొదలైన వాహనాలకు తయారీదారు అమర్చిన ప్రధాన ట్యాంకు కాక, దూరప్రయాణాల నిమిత్తం విడిగా బిగించుకొనే మరొక ట్యాంకు. బరువు లాగుతూ వందల కిలోమీటర్లు ప్రయాణించే వాహనాలకు డీజిలు ఖర్చు ఎక్కువ. మార్గమధ్యంలో పలుమార్లు ఆగనవసరం లేకుండాను, ధర తక్కువగా ఉన్నచోట ఎక్కువ డీజిలు నింపుకొనేందుకును ఈ ట్యాంకులను ఉపయోగిస్తారు. అమరిక సక్రమంగా ఉంటే ఇది ఉపయోగకరమైన సాధనమే. అమరికలో లోపం ఉంటే మాత్రం అగ్నిప్రమాదానికి కారణమవుతుంది. భారతదేశంలో మోటారు వాహనాల చట్టం, పెట్రోలియం చట్టం రెండూ దీనికి వర్తిస్తాయి.

పేరు

లారీ రంగంలో దీనిని సాధారణంగా "రెండో ట్యాంకు" అంటారు. డీజిలును డ్రైవర్లు "ఆయిల్" అని, డీజిలు నింపించడాన్ని "ఆయిల్ కొట్టించడం" అని వ్యవహరిస్తారు. ఇంజనుకు వేసే కందెన నూనెను "ఇంజనాయిల్" అంటారు కనుక ఈ రెండింటికీ వాడుకలో గందరగోళం ఉండదు. ఈ వ్యాసంలో వాహనంతోపాటు వచ్చిన ట్యాంకును ప్రధాన ట్యాంకు అని, తరువాత బిగించిన దానిని అదనపు ట్యాంకు అని పేర్కొనడం జరిగింది.

చరిత్ర

వాహనంలో మామూలుగా పట్టే ఇంధనం కంటె ఎక్కువ తీసుకొనిపోవలసిన అవసరం మొదట విమానయానంలోను, యుద్ధరంగంలోను బలంగా కనిపించింది. 1927 మే నెలలో చార్లెస్ లిండ్‌బర్గ్ న్యూయార్క్ నుండి పారిస్ వరకు ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా, సుమారు 33 గంటల 30 నిమిషాలపాటు ప్రయాణించాడు. ఆ విమానంలో సుమారు 1,700 లీటర్ల ఇంధనం పట్టేది. పెద్ద ట్యాంకును చోదకుని ముందు భాగంలో అమర్చారు. ప్రమాదం జరిగితే ఇంజనుకు, ట్యాంకుకు మధ్య చోదకుడు నలిగిపోకుండా ఉండాలన్నది ఇందులోని ఆలోచన. అందువలన అతనికి ఎదుటి దృశ్యం నేరుగా కనబడేది కాదు. ట్యాంకు ఎక్కడ ఉండాలి అనే ప్రశ్నకు, ఎంత పెద్దది ఉండాలి అనే ప్రశ్నకు ఉన్నంత ప్రాముఖ్యం ఉందని దీనివలన తెలుస్తుంది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో యుద్ధవిమానాల రెక్కల క్రింద వదిలివేయదగిన ట్యాంకులను తగిలించేవారు. 1944లో అమెరికా మస్టాంగ్ విమానాలు ఇటువంటి ట్యాంకుల సహాయంతోనే బ్రిటన్ నుండి బెర్లిన్ వరకు బాంబర్లకు రక్షణగా వెళ్ళగలిగాయి. సోవియట్ దేశపు టీ-34 యుద్ధ శకటాలకు వెలుపలి భాగాన డీజిలు పీపాలు తగిలించేవారు. జర్మన్లు 1937 ప్రాంతంలో రూపొందించిన 20 లీటర్ల ఉక్కు డబ్బాను తరువాత మిత్రరాజ్యాలు కూడా అనుకరించాయి. నేటికీ ఆ డబ్బాను ప్రపంచమంతటా "జెర్రీ క్యాన్" అనే పిలుస్తారు. జర్మన్లకు ఆంగ్లేయ సైనికులు పెట్టిన ముద్దుపేరు "జెర్రీ".

అవసరం

ఒక లారీ ఒక నింపుడుతో పోగల దూరం రెండు విషయాలపై ఆధారపడుతుంది. మొదటిది ట్యాంకులో పట్టే డీజిలు, రెండవది లీటరుకు వచ్చే కిలోమీటర్లు. నిండు బరువుతో ఉన్న పదిచక్రాల లారీ లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తుందనుకొంటే, 300 లీటర్ల ట్యాంకుతో 1,200 కిలోమీటర్లు పోగలదు. అయితే ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయరాదు కనుక, ఆచరణలో 1,000 నుండి 1,100 కిలోమీటర్లుగా లెక్కించడం మంచిది.

ట్రైలరును లాగే వాహనాలకు ఖర్చు ఇంకా ఎక్కువ. చిన్న పికప్ వాహనం వెనుక ట్రైలరు తగిలించినపుడు లీటరుకు వచ్చే దూరం దాదాపు సగానికి పడిపోవచ్చు. లాగవలసిన బరువు, చక్రాల రాపిడి, గాలి నిరోధం మూడూ పెరగడమే దీనికి కారణం. అందుచేత ఒంటరిగా పోయినపుడు చాలిన ట్యాంకు ట్రైలరుతో పోయినపుడు చాలదు.

అదనపు ట్యాంకు అవసరమయ్యే ముఖ్య సందర్భాలు:

* బంకులు దూరదూరంగా ఉండే ఎడారి, అటవీ, పర్వత మార్గాలు
* చేపలు, రొయ్యలు, అరటి వంటి త్వరగా పాడయ్యే సరుకుల రవాణా
* రాష్ట్రానికి రాష్ట్రానికి డీజిలు ధరలో తేడా ఉండడం
* ట్రైలరు, క్రేను, బోరు రిగ్గు వంటి అధిక ఖర్చుగల వాహనాలు

శీతల కంటైనరు లారీలలో చల్లదనాన్ని కలిగించే యంత్రానికి విడిగా ఒక చిన్న ఇంజను, దానికి సొంత డీజిలు ట్యాంకు ఉంటాయి. ఇది తయారీదారు అమర్చే ట్యాంకు కనుక ఈ వ్యాసంలోని అదనపు ట్యాంకుల క్రిందికి రాదు.

రకాలు

అమరికను బట్టి అదనపు ట్యాంకులు నాలుగు రకాలు.

1. పెద్ద ట్యాంకుతో మార్పు: ప్రధాన ట్యాంకును తొలగించి, దాని స్థానంలో అంతకంటె పెద్దదానిని బిగిస్తారు. గొట్టాలు, వాల్వుల సంఖ్య పెరగదు. కావున అన్నింటికంటె సరళమైన పద్ధతి ఇదే. కాని ఛాసిస్ ప్రక్కన తగినంత స్థలం ఉండాలి.

2. జంట ట్యాంకులు: ఛాసిస్‌కు ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి ఉండి, అడుగుభాగాన ఒక గొట్టంతో కలుపబడి ఉంటాయి. కలిపిన పాత్రలలో ద్రవమట్టం సమానంగా ఉంటుందన్న భౌతికశాస్త్ర సూత్రం ప్రకారం రెండు ట్యాంకులూ సమంగా నిండుతాయి, సమంగా తరుగుతాయి.

3. దిగుడు ట్యాంకు: క్యాబిను వెనుక లేదా తొట్టి ముందుభాగాన, ప్రధాన ట్యాంకు కంటె ఎత్తులో ఉంటుంది. వాల్వు త్రిప్పితే డీజిలు తన బరువుతో తానే ప్రధాన ట్యాంకులోకి దిగుతుంది.

4. పంపు ట్యాంకు: అదనపు ట్యాంకు నుండి చిన్న విద్యుత్ పంపు ద్వారా ప్రధాన ట్యాంకులోకి డీజిలును పంపుతారు. డ్రైవరు మీట నొక్కినపుడు మాత్రమే పంపు పనిచేస్తుంది. కొన్నింటిలో ప్రధాన ట్యాంకు నిండగానే పంపు దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది.

వీటిలో మొదటి రెండు భారీ లారీలలో ఎక్కువ. చివరి రెండు పికప్ వాహనాలలో ఎక్కువ. ఏ రకమైనా సరే, అదనపు ట్యాంకు నుండి ఇంజనుకు నేరుగా గొట్టం వేయక, ప్రధాన ట్యాంకు ద్వారానే డీజిలు పోయేలా చూడడం క్షేమం.

ట్యాంకు నిర్మాణం

ట్యాంకులను మెత్తని ఉక్కు రేకు, అల్యూమినియం మిశ్రమలోహం, లేదా అధిక సాంద్రత గల ప్లాస్టిక్‌తో తయారు చేస్తారు. ఉక్కు చవక, దృఢమైనది, అతుకు వేయడం సులభం. కాని తుప్పు పడుతుంది. అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు, ఖరీదు ఎక్కువ. ప్లాస్టిక్ ట్యాంకులు అచ్చులలో పోసి తయారుచేసేవి కనుక కర్మాగారాలలో మాత్రమే సాధ్యం. లోహపు ట్యాంకుల పరీక్షలకు ఐ.ఎస్. 12056 అనే భారతీయ ప్రమాణం కలదు.

జస్తాపూత పూసిన రేకును డీజిలు ట్యాంకుకు వాడరాదు. జస్తా (జింకు) డీజిలులోని ఆమ్ల పదార్థాలతో చర్య జరిపి సబ్బు వంటి పదార్థం ఏర్పడుతుంది. అది ఫిల్టర్లను, ఇంజెక్టర్లను మూసివేస్తుంది. నీళ్ళ ట్యాంకు రేకు చవకగా దొరుకుతుంది గదా అని దానితో డీజిలు ట్యాంకు చేయించడం ఈ కారణంగా తగదు. రాగి గొట్టాలు కూడా డీజిలు త్వరగా చెడిపోవడానికి దోహదం చేస్తాయి.

ట్యాంకులో ఉండవలసిన ముఖ్యభాగాలు:

* అడ్డుపలకలు: ట్యాంకు లోపల రంధ్రాలున్న నిలువు పలకలు. బ్రేకు వేసినపుడు, మలుపు తిరిగినపుడు డీజిలు ఒక్కసారిగా ఒకవైపుకు కొట్టుకొనకుండా ఇవి ఆపుతాయి. నిండు ట్యాంకులో కంటె సగం ఖాళీ ఉన్న ట్యాంకులో ఈ తొణుకుడు ఎక్కువ. వాడుకలో ఉన్న "నిండుకుండ తొణకదు" అన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.
* గాలి గొట్టం: డీజిలు తరుగుతున్నపుడు లోపలికి గాలి పోవడానికి, వేడికి వ్యాకోచించినపుడు బయటకు రావడానికి. వాహనం బోల్తాపడితే డీజిలు కారకుండా దీనికి ఒక గోళీ వాల్వు ఉండాలి.
* మూత: తాళం ఉన్నది. మూత క్రింద జాలి ఉంటే చెత్త పడదు, గొట్టం వేసి దొంగతనంగా డీజిలు తీయడం కష్టమవుతుంది.
* అడుగు బిరడా: క్రింద చేరిన నీటిని, మడ్డిని తీసివేయడానికి.
* మట్టసూచి: లోపలి డీజిలు మట్టం తెలిపే తేలుడు పరికరం.

పరిమాణపు లెక్క

దీర్ఘచతురస్రాకార ట్యాంకు ఘనపరిమాణం పొడవు, వెడల్పు, ఎత్తుల లబ్ధం. సెంటీమీటర్లలో కొలిచి 1,000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. ఉదాహరణకు 90 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. ఎత్తు ఉన్న ట్యాంకు 202.5 లీటర్లు. దీనిని పూర్తిగా నింపరాదు. 95 శాతం వరకే నింపాలి. అనగా సుమారు 192 లీటర్లు.

మిగిలిన 5 శాతం ఖాళీ ఎందుకంటే, డీజిలు ప్రతి ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడికి తన పరిమాణంలో పదివేలవ వంతులు సుమారు 8 చొప్పున వ్యాకోచిస్తుంది. తెల్లవారుజామున నింపిన 300 లీటర్ల డీజిలు మధ్యాహ్నానికి 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 5 లీటర్లు పెరుగుతుంది. ఆ ఐదు లీటర్లకు చోటు లేకపోతే అవి మూత ప్రక్క నుండి రోడ్డుపైకి కారతాయి. వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారులు జారిపడడానికి ఈ కారుడే చాలు.

లీటరు డీజిలు బరువు సుమారు 0.83 కిలోగ్రాములు. పై ట్యాంకులోని 192 లీటర్ల బరువు సుమారు 159 కిలోలు. ట్యాంకు, బిగింపు పట్టీల బరువు కూడా కలిపితే 200 కిలోలకు చేరుతుంది. ఈ బరువు లారీకి అనుమతించిన మొత్తం బరువులో భాగమే. 2018లో కేంద్రప్రభుత్వం ఇరుసు బరువులను పెంచిన తరువాత మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు 28.5 టన్నులు. కావున నిండు బరువుతో పోయే లారీ అదనపు ట్యాంకు బిగించుకొంటే, అంతమేరకు సరుకు తగ్గించుకొనవలసి ఉంటుంది.

అమర్చే విధానం

స్థలం: ట్యాంకును ఛాసిస్ పట్టీకి బలమైన బ్రాకెట్లతో, పట్టీలతో బిగించాలి. పట్టీకి, ట్యాంకుకు మధ్య రబ్బరు పెట్టాలి. లేనిచో రాపిడికి రేకు అరిగి కొద్ది నెలలలోనే చిల్లు పడుతుంది. పొగగొట్టానికి, టర్బో ఛార్జరుకు, బ్యాటరీకి దూరంగా ఉండాలి. తప్పనిసరిగా దగ్గరగా ఉండవలసివస్తే మధ్యలో వేడి తగలకుండా రేకు అడ్డు పెట్టాలి.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలులోకి వచ్చిన భారత్ స్టేజి-6 లారీల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఈ లారీలలో చాలావాటికి పొగలోని మసిని పట్టి కాల్చివేసే పరికరం ఉంటుంది. మసి కాలే సమయంలో లోపలి ఉష్ణోగ్రత 550 డిగ్రీలు దాటుతుంది. వీటికి యూరియా ద్రావణపు చిన్న ట్యాంకు కూడా విడిగా ఉంటుంది. నీలిరంగు మూత గల ఆ ట్యాంకులో డీజిలు గాని, డీజిలు ట్యాంకులో యూరియా ద్రావణం గాని పోస్తే ఖరీదైన భాగాలు పాడవుతాయి. మూడు మూతలున్న లారీలో ఏ మూత దేనిదో పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంచడం మంచిది.

ఛాసిస్ పట్టీకి అతుకు వేయరాదు, ఇష్టం వచ్చిన చోట రంధ్రాలు చేయరాదు. పట్టీ పైఅంచు, క్రిందిఅంచులపై రంధ్రం చేస్తే అక్కడి నుండి పగులు మొదలవుతుంది. వీలైనంతవరకు తయారీదారు ముందే చేసి ఉంచిన రంధ్రాలనే వాడాలి.

కలిపే గొట్టం: జంట ట్యాంకులలో అతి బలహీనమైన భాగం ఇదే. ఛాసిస్ క్రింద వేలాడే గొట్టం రాతికి గాని, ఎత్తైన స్పీడు బ్రేకరుకు గాని తగిలి తెగితే రెండు ట్యాంకులూ ఖాళీ అవుతాయి. అందుచేత గొట్టాన్ని ఛాసిస్ అడ్డుపట్టీల పైభాగాన పోనివ్వాలి. అది సాధ్యం కాకపోతే ఉక్కు కాలువలో ఇమడ్చాలి. రెండు కొసల వద్ద రెండు వాల్వులు ఉండాలి.

తిరుగు గొట్టం: కామన్ రైల్ ఇంజనులో పంపు పీల్చిన డీజిలంతా మండదు. మిగిలినది వేడెక్కి తిరిగి ట్యాంకుకు వస్తుంది. ఒక ట్యాంకు నుండి పీల్చి, మరొక ట్యాంకుకు తిరిగి పంపితే రెండవది నిండి పొంగుతుంది. పీల్చిన ట్యాంకుకే తిరిగి రావాలన్నది నియమం.

గాలి పట్టడం: ట్యాంకు పూర్తిగా ఖాళీ అయినపుడు గొట్టంలోకి గాలి చేరి ఇంజను ఆగిపోతుంది. దీనిని మెకానిక్కులు "ఎయిర్ పట్టింది" అంటారు. అప్పుడు చేతిపంపుతో గాలి తీయవలసి ఉంటుంది. అదనపు ట్యాంకు నుండి ప్రధాన ట్యాంకుకు డీజిలు వదలడాన్ని ప్రధాన ట్యాంకు పావువంతుకు రాకముందే చేస్తే ఈ ఇబ్బంది ఉండదు.

దిగుడు ట్యాంకు వాల్వు: దిగుడు ట్యాంకు వాల్వును తెరచి మరచిపోతే ప్రధాన ట్యాంకు నిండిన తరువాత కూడా డీజిలు దిగుతూనే ఉంటుంది, గాలి గొట్టం ద్వారా నేలపాలవుతుంది. బండి ఆపి, దగ్గర నిలబడి, నిండగానే వాల్వు మూసి బయలుదేరాలి. నడుస్తున్న బండిలో వాల్వు తెరచి ఉంచరాదు.

లాభనష్టాలు

పెట్రోలు, డీజిలు 2017 జూలై 1న అమలులోకి వచ్చిన వస్తు సేవల పన్ను పరిధిలోనికి రాలేదు. వీటిపై ప్రతి రాష్ట్రం తన పన్ను తాను వేస్తుంది. డీజిలు ధరపై ప్రభుత్వ నియంత్రణ 2014 అక్టోబరులో తొలగింది. 2017 జూన్ 16 నుండి దేశమంతటా ధరలను రోజువారీ సవరించే పద్ధతి వచ్చింది. ఈ కారణాల వలన సరిహద్దుకు ఇటు ఒక ధర, అటు ఒక ధర ఉండడం పరిపాటి. ఆంధ్రప్రదేశ్ లారీలు కర్ణాటక సరిహద్దు దాటిన తరువాత ఆయిల్ కొట్టించడం ఇందుకే.

అయితే ఈ లాభాన్ని జాగ్రత్తగా లెక్కించాలి. లీటరుకు 6 రూపాయల తేడా ఉందనుకొంటే, 192 లీటర్లపై మిగిలేది 1,152 రూపాయలు. ఆ బంకు దారిలోనే ఉంటే ఇది నికరలాభం. కాని ఆ డీజిలు కోసమే రానూపోనూ 100 కిలోమీటర్లు ప్రత్యేకంగా వెళ్ళివస్తే, లీటరుకు 4 కిలోమీటర్ల చొప్పున 25 లీటర్లు ఖర్చవుతుంది. లీటరు 95 రూపాయలనుకొంటే 2,375 రూపాయలు. అనగా లాభం పోగా మరో 1,223 రూపాయల నష్టం. టైర్ల అరుగుదల, డ్రైవరు బత్తా, పోయిన సమయం దీనికి అదనం. అదనపు ట్యాంకు వలన లాభం మార్గంపై ఆధారపడుతుంది కాని ట్యాంకు సైజుపై కాదు.

కోనసీమలో

కోనసీమ ప్రాంతం నుండి దూరప్రాంతాలకు లారీ రవాణా అధికం. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు నుండి కొబ్బరికాయలు గుజరాత్, రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ మొదలైన రాష్ట్రాలకు పోతాయి. రావులపాలెం అరటి మార్కెట్టు నుండి గెలలు ఇతర రాష్ట్రాలకు ఎగుమతి అవుతాయి. తీరమండలాల నుండి రొయ్యలు, చేపలు వెళతాయి. దసరా, దీపావళి రోజులలో ఉత్తరాదిన కొబ్బరికాయకు గిరాకీ పెరిగినపుడు ఈ లారీల రద్దీ కూడా పెరుగుతుంది.

కోనసీమకు డీజిలుతో మరొక సంబంధం కూడా కలదు. రాజోలు ప్రాంతంలోని తాటిపాకలో ఓ.ఎన్.జి.సి. 2001లో చిన్న చమురుశుద్ధి కర్మాగారాన్ని ప్రారంభించింది. గోదావరి పరీవాహకంలో దొరికే ముడిచమురును ఇక్కడ శుద్ధిచేస్తారు.

గౌతమీ గోదావరికి ఆవలి ఒడ్డున పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన యానాం ఉంది. అక్కడ పన్ను తక్కువగా ఉండడం వలన డీజిలు ధర ఆంధ్రప్రదేశ్ కంటె తక్కువ. ఎదుర్లంక వద్ద జి.ఎం.సి. బాలయోగి వంతెన ఏర్పడిన తరువాత కోనసీమ వాహనాలు నేరుగా యానాం చేరుతున్నాయి. 216వ నంబరు జాతీయ రహదారిపై అమలాపురం నుండి కాకినాడ వైపు వెళ్ళే లారీకి యానాం దారిలోనే తగులుతుంది. రావులపాలెం నుండి 16వ నంబరు జాతీయ రహదారిపై విజయవాడ వైపు పోయే లారీకి మాత్రం యానాం వెళ్ళిరావడం నూరు కిలోమీటర్లకు పైబడిన చుట్టు. పై విభాగంలోని లెక్క సరిగ్గా ఈ రెండు మార్గాలకు వర్తిస్తుంది.

ఆత్రేయపురం మండలంలోని వాడపల్లి గౌతమీ తీరాన, రావులపాలెం నుండి బొబ్బర్లంక పోయే ఏటిగట్టు దారిలో ఉంది. ఇటువంటి గట్టు రోడ్లు ఇరుకు. ఎదురు వాహనానికి దారి ఇచ్చేందుకు లారీని అంచుకు దించినపుడు ఒకవైపుకు ఒరిగి నిలుస్తుంది. జంట ట్యాంకుల లారీ ఇలా ఒరిగి ఎక్కువసేపు నిలిస్తే, పైవైపు ట్యాంకులోని డీజిలు కలిపే గొట్టం ద్వారా పల్లంవైపు ట్యాంకులోకి చేరి మూత వద్ద పొంగుతుంది. అట్లు నిలపవలసి వచ్చినపుడు వాల్వు మూయాలి. వాడపల్లి వేంకటేశ్వరస్వామి ఆలయానికి శనివారాలలో వేలాదిగా భక్తులు వస్తారు. ఏడు శనివారాల మొక్కు ఇక్కడ ప్రసిద్ధం. జనం, దుకాణాల పొయ్యిలు, నిలిపిన వాహనాలు దగ్గరదగ్గరగా ఉండేచోట కారుతున్న ట్యాంకు గల లారీని నిలపడం తగదు.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఈ సీమలో గాలిలో తేమ, ఉప్పు అధికం. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు రాత్రి చల్లబడినపుడు లోపలి గాలిలోని తేమ నీటిబొట్లుగా మారి అడుగుకు చేరుతుంది. డీజిలుకు, నీటికి మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు ఏర్పడుతుంది. నెలకొకసారైనా అడుగు బిరడా విప్పి నీరు తీయడం, రాత్రి నిలిపేటపుడు ట్యాంకు నిండుగా ఉంచడం దీనికి విరుగుడు. నెలల తరబడి వాడని అదనపు ట్యాంకును ఖాళీచేసి ఆరబెట్టి ఉంచాలి.

కొబ్బరి పీచు, డొక్కలు సులభంగా నిప్పు అంటుకొనే సరుకు. డీజిలు పీల్చిన పీచు ఇంకా ప్రమాదకరం. పీచు రవాణా చేసే లారీలలో తొట్టిలోపల గాని, తొట్టికి ఆనుకొని గాని దిగుడు ట్యాంకు ఉంచరాదు.

ప్రమాదాలు, జాగ్రత్తలు

పెట్రోలుతో పోలిస్తే డీజిలు అంత సులభంగా అంటుకొనదు. దీనిని బట్టి డీజిలు ప్రమాదకరం కాదని కొందరు భావిస్తారు. ఇది సరికాదు. వేడెక్కిన లోహంపై పడిన డీజిలు నిప్పురవ్వ లేకుండానే సుమారు 250 డిగ్రీల వద్ద మండుతుంది. సన్నని తుంపరగా చిమ్మినపుడు చల్లని డీజిలు కూడా అంటుకొంటుంది. ప్రమాదంలో ట్యాంకు పగిలినపుడు జరిగేది ఇదే.

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద బెంగుళూరు నుండి హైదరాబాదు వస్తున్న బస్సు కల్వర్టు గోడను ఢీకొంది. ఇంధన ట్యాంకు దెబ్బతిని మంటలు వ్యాపించి 45 మంది మరణించారు. అది తయారీదారు అమర్చిన ట్యాంకు. ప్రక్క నుండి తగిలే దెబ్బ ఎంత ప్రమాదకరమో ఈ సంఘటన తెలుపుతుంది. పరీక్షలు లేకుండా షెడ్డులో చేయించి, ఛాసిస్ వెలుపలికి పొడుచుకు వచ్చేలా బిగించిన ట్యాంకుకు ఆ ప్రమాదం మరింత ఎక్కువ.

ముఖ్యమైన జాగ్రత్తలు:

* ట్యాంకు వాహనం వెడల్పును దాటి బయటకు రాకూడదు. ప్రక్కన ఇనుప రక్షణ పట్టీ ఉండాలి.
* డ్రైవరు కూర్చొనే లేదా నిద్రించే క్యాబినులో ట్యాంకు గాని, గొట్టం గాని ఉండరాదు.
* విద్యుత్ పంపుకు సరైన ఫ్యూజు ఉండాలి. తీగలు డీజిలు గొట్టానికి కట్టి తీసుకొనిపోరాదు.
* ట్యాంకును ఛాసిస్‌తో తీగద్వారా కలపాలి. లేనిచో డీజిలు నింపేటపుడు స్థిరవిద్యుత్తు చేరి రవ్వ పుట్టవచ్చు.
* కొత్త ట్యాంకును బిగించేముందు నీటితో గాని, స్వల్ప గాలి ఒత్తిడితో గాని పరీక్షించి సబ్బునీటితో అతుకులు చూడాలి.
* అగ్నిమాపక సాధనం డ్రైవరు చేతికందేచోట ఉండాలి. డీజిలు మంటపై నీరు పోయరాదు, పొడి లేదా నురగ వాడాలి.

వాడిన ట్యాంకుకు చిల్లుపడితే వెంటనే అతుకు వేయించబోవడం ప్రాణాంతకమైన పని. ఖాళీ ట్యాంకులో ద్రవం ఉండదు కాని ఆవిరి ఉంటుంది. గాలితో కలిసిన ఆ ఆవిరి అతుకు మంట తగలగానే పేలుతుంది. నిండు ట్యాంకు కంటె ఖాళీ ట్యాంకే వెల్డరుకు ఎక్కువ అపాయం. ట్యాంకును విప్పి, వేడినీటితో లేదా నీటిఆవిరితో పలుమార్లు కడిగి, అతుకు వేసే చోటు వరకు నీటితో నింపి, మూత తెరచి ఉంచి, ఈ పని తెలిసిన వారిచేతనే చేయించాలి. కొత్త ట్యాంకు ఖరీదు మనిషి ప్రాణం కంటె తక్కువన్నది మరువరాదు.

చట్టం

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనం రిజిస్ట్రేషను వివరాలు మారేలా యజమాని మార్పులు చేయరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కె. జయచంద్ర కేసులో ఈ సెక్షనును వివరిస్తూ, తయారీదారు అసలు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని తీర్పునిచ్చింది. అదే సంవత్సరపు సవరణతో వచ్చిన 182-ఎ సెక్షను, అనుమతిలేని భాగాలను బిగించి వాహనాన్ని మార్చిన యజమానికి ఆరునెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చునని చెబుతుంది. కావున ట్యాంకు బిగించుకొనేముందు రవాణాశాఖ కార్యాలయంలో విచారించి వ్రాతపూర్వకంగా అనుమతి పొందడం, తయారీదారే ఆ నమూనాకు పెద్ద ట్యాంకును అందిస్తుంటే దానినే కొనడం ఉత్తమం. అనుమతిలేని మార్పు ఉన్న వాహనానికి ప్రమాదం జరిగితే బీమా పరిహారం విషయంలో వివాదం తలెత్తే అవకాశం ఉంది.

1934 పెట్రోలియం చట్టం ఇంధనాలను అంటుకొనే ఉష్ణోగ్రతను బట్టి మూడు తరగతులుగా విభజించింది. 23 డిగ్రీల లోపువి ఎ తరగతి (పెట్రోలు), 23 నుండి 65 లోపువి బి తరగతి (డీజిలు, కిరోసిను), 65 నుండి 93 లోపువి సి తరగతి. ఈ చట్టం 9వ సెక్షను ప్రకారం, సక్రమంగా రిజిస్టరైన వాహనపు సొంత ట్యాంకులో ఉన్న ఇంధనానికి వేరే లైసెన్సు అక్కరలేదు. అదే వాహనం నడిచేందుకు అదనంగా 100 లీటర్లకు మించకుండా తీసుకొనిపోవచ్చును. పెట్రోలు విషయంలో ఈ మినహాయింపు చాలా తక్కువ. ఈ సదుపాయం సొంత వినియోగానికే. తక్కువ ధరకు తెచ్చిన డీజిలును ఇతరులకు అమ్మడం నేరం.

ఇతర దేశాలలో

అమెరికాలో పికప్ వాహనాల వెనుక ఇల్లువంటి ట్రైలర్లను, పడవలను, గుర్రపు బండ్లను తగిలించుకొని వేలకిలోమీటర్లు ప్రయాణించడం సాధారణం. ఈ వాహనాల తొట్టిలో పనిముట్ల పెట్టెతో కలిసిన అదనపు ట్యాంకులను బిగిస్తారు. వాణిజ్య వాహనాల విషయంలో అక్కడి కేంద్ర నిబంధనలు ఇంజనుకు నేరుగా దిగుడు పద్ధతిలో ఇంధనం అందించడాన్ని నిషేధిస్తాయి. ట్యాంకు సామర్థ్యంలో 95 శాతానికి మించి నింపడం వీలుకాని విధంగా ట్యాంకు రూపొందించబడి ఉండాలని కూడా నియమం కలదు.

ఆస్ట్రేలియా మధ్యభాగంలో బంకుల మధ్య దూరం వందల కిలోమీటర్లు. అందుచేత అక్కడ కొన్ని వాహనాలకు తయారీదారే రెండు ట్యాంకులు ఇస్తాడు. టయోటా ల్యాండ్ క్రూజర్ 200 శ్రేణిలో 93 లీటర్ల ప్రధాన ట్యాంకు, 45 లీటర్ల ఉపట్యాంకు, మొత్తం 138 లీటర్లు ఉండేవి.

ఇవి కూడా చూడండి

* లారీ
* డీజిల్ ఇంజను
* తాటిపాక
* యానాం
* అంబాజీపేట
* వాడపల్లి (ఆత్రేయపురం మండలం)